నోరు లేని అతిథి

పై అంతస్తు, కిటికీ గది

చిరంజీవి బావమరిదికి,

ఏ కార్యమైనా మొదలుపెట్టే ముందు కాలాన్నీ స్థలాన్నీ ప్రయోజనాన్నీ చెప్పుకోవాలని పెద్దలు విధించారు గనుక ముందుగా అవి నివేదిస్తున్నాను. కాలం: మా అమ్మాయి ఇల్లు విడిచి, నువ్వు పనిచేసే సీతాకోకచిలుకల అద్దాల తోటకు చేరిన మూడో వారం. స్థలం: ఇన్నేళ్ళుగా ఛందస్సు తప్ప మరే జీవీ పాకని నా రాతబల్ల. ప్రయోజనం: నువ్వు పార్శిలులో పంపిన గొంగళిపురుగుల పెట్టెను తెరవడం. ఇక ఈ సందర్భానికి అర్థమేమిటంటావా, కళాశాలలో తర్కశాస్త్రం బోధించే కూతుర్ని నీకిచ్చి, జామాకులు నమిలే అరడజను జీవులను నేను పుచ్చుకున్నాను. లాభసాటి మారకమే.

మూత తీసినప్పుడు నీ అక్క కేక వేస్తుందనుకున్నాను. “మీ పుస్తకాల మీద మాత్రం పెట్టకండి” అంది. ఈ కాపురంలో నా పుస్తకాల మీద ఆమె చూపిన మొదటి శ్రద్ధ ఇది. అందుకైనా నీకు కృతజ్ఞుణ్ణి.

ఒక సంగతి సూటిగా అడుగుతాను. ప్రతి ఆదివారం ఫోనులో గంటసేపు నాతో పోట్లాడితే తప్ప అన్నం అరగని మనిషివి. వేసవి నుంచి నీ గొంతు వినలేదు. అదే వేసవిలో నెల్లాళ్ళు నీ దగ్గర ఉండి వచ్చిన నీ అక్కను అడిగితే “బాగానే ఉన్నాడు” అని గిన్నెలు సర్దుకుంటుంది. ఆ గిన్నెలు అప్పటినుంచీ సర్దుతూనే ఉంది.

పెట్టిన సెలవు అయిపోయేనాటికి అమ్మాయి రాకపోతే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారని ప్రిన్సిపాలు కబురు పంపాడు. ఆ ఉద్యోగం దానికి ఊరికే రాలేదు. పురుగుల పెంపకానికి మేనమామ ఒక్కడు చాలడా? నా కూతురు కూడా కావాలా? దాన్ని వెంటనే పంపు. పురుగులను కావాలంటే తిరిగి తీసుకో.

ఆశీస్సులతో (మితంగా),
బావ

---

అద్దాల తోట, గుడ్ల గది

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ లేఖ అందింది. “మితంగా” అన్నారు గనుక ఆశీస్సులను పొదుపుగా వాడుకుంటున్నాను.

మీ ఇంటికి వచ్చినవారు సామాన్యులు కారు. శలభజాతిలో కంచమంత రెక్కలు గలవారు. ఇప్పటికి రెక్కలు లేవు, ఆకలి మాత్రమే ఉంది. వీరి బాల్యచరిత్ర మీకు నచ్చుతుంది. గుడ్డులోంచి బయటికి రాగానే మొదట ఆ గుడ్డు పెంకునే తింటారు. పుట్టీ పుట్టగానే పుట్టిల్లు తినేస్తారన్నమాట. మనవాళ్ళు కొంచెం ఆగి తింటారు, అంతే తేడా.

ఆ తరువాత తినడమే పని. తిని తిని చర్మం బిగుతైతే దాన్ని విప్పేసి, కింద సిద్ధంగా ఉన్న కొత్త చర్మంతో మళ్ళీ బయలుదేరతారు. విప్పిన దాన్నీ వృథా చేయరు, తినేస్తారు. పాఠాలు చెప్పే ఉద్యోగం విరమించాక కూడా మీరు వదలని ఆ నల్లకోటు ఇక్కడ గుర్తొచ్చింది. ఒంటినిండా తెల్లని పొడి కనిపిస్తే కంగారుపడకండి. అది రోగం కాదు. సుద్దముక్క పట్టిన ఉపాధ్యాయులు మాత్రమే అలా ఉంటారనుకున్నారా?

జామాకు మార్చవద్దు. ఎండిన ఆకు పెట్టవద్దు. పద్యాలు వినిపించవద్దు, తిండి మానేస్తారు.

అమ్మాయి సంగతి. ఆమెను నేను పిలవలేదు. పొమ్మంటే పోవడం లేదు. ఈ స్వభావం ఏ వైపు నుంచి వచ్చిందో పరిశోధించే పాండిత్యం నాకు లేదు.

మీ
బావమరిది

---

పై అంతస్తు, కిటికీ గది

చిరంజీవి,

నీ ఉపదేశాలు చదివాను. వాటిలో ఒకదాన్ని పరీక్షించకుండా ఒప్పుకోవడం నా చదువుకు అవమానం గనుక పరీక్షించాను. జామాకు పక్కన కరివేపాకు పెట్టాను. పాలకూర పెట్టాను. నీ అక్క వంటకు దాచుకున్న లేత మునగాకు కూడా దొంగిలించి పెట్టాను. నీ సుద్దపొడి ఉపాధ్యాయులు ఒక్కొక్కదాని మీదకూ ఎక్కి, కాళ్ళతో తడిమి, ముఖం తిప్పుకుని, జామాకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంతటి ఏకనిష్ఠ మనుషుల్లో కనిపిస్తే ఎవరైనా కావ్యం రాసేవారు. పురుగుల్లో కనిపిస్తే మునగాకు పోయిందని నీ అక్క నన్ను తిట్టింది.

తినే శబ్దం వినిపిస్తుందని నువ్వెందుకు చెప్పలేదు? మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక సన్నటి వానలా వినిపిస్తోంది. దానికి అలవాటు పడ్డాను. మొన్న ఒకటి ఆకుకు వేలాడుతూ కదలకుండా ఉంటే పోయిందనుకుని, వాన ఆగినంత దిగులుపడ్డాను. తరువాత అది చర్మం విప్పుకుని లేచింది. దిగులుపడినందుకు సిగ్గుపడ్డాను. నిజంగా పోయినవి రెండు. నీ అక్క వాటిని జామచెట్టు మొదట్లో పూడ్చింది. నేను పై నుంచి చూశాను, దిగలేదు. మోకాళ్ళు.

మిగిలినవాటిలో పెద్దది ఆకును చుట్టుకుని, నోటిలోంచి దారం తీస్తూ తన చుట్టూ తానే గూడు కట్టుకుని మూసుకుంది. జీవుడు తన కర్మలో తానే చిక్కుకుంటాడనడానికి పెద్దలు ఈ పురుగునే ఉపమానంగా చెప్పారు. ఇంత కష్టపడి బయటికి వచ్చాక ఏముంది? నాలుగు రోజులు రెక్కలాడించి రాలిపోవడం. క్షణభంగురమైన ఆ బతుకును చూపించి డబ్బాలో చందాలు వేయించుకునే నీ తోటలో నా కూతురు ఏం నేర్చుకుంటోంది, వైరాగ్యమా?

ఫోను ఎత్తు. నిన్న చేశాను. ఎవరో ఎత్తారు, ఎవరూ పలకలేదు.

బావ

---

అద్దాల తోట, గుడ్ల గది

పూజ్యులైన బావగారికి,

ఫోను పాడైంది. అదీగాక గుడ్ల గదిలో గట్టిగా మాట్లాడకూడదని నియమం. పిల్లలు బెదురుతారు. మీరూ నేనూ మాట్లాడుకునే తీరుకు గుడ్లు మురిగిపోతాయి.

క్షణభంగురమని మీరు నిట్టూర్చారు. సరిగ్గా మీలాంటి నిట్టూర్పే మొన్న సందర్శకుల్లో ఒక తాపీమేస్త్రి వదిలాడు. మా తోటలో రోజూ ఒక ప్రదర్శన ఉంటుంది. గుడ్డు దగ్గర మొదలుపెట్టి రెక్కల దాకా చూపిస్తూ నడిపిస్తాం. ఇప్పుడు అమ్మాయి మాట్లాడుతుంది, నేను పక్కన నిలబడి కర్రతో చూపిస్తాను. మేస్త్రి అంతా విని, “ఇంతోటి దానికి రెండు వారాల బతుకేనా తల్లీ?” అన్నాడు. అమ్మాయి అడిగింది, “మేస్త్రిగారూ, మీరు ఇల్లు కట్టారు. గృహప్రవేశం ఒక్కరోజు. మీ పని ఒక్కరోజేనా?” ఆయన నవ్వాడు. “పునాది రోజులు ఎవరు లెక్కేస్తారమ్మా” అన్నాడు. “అదే చెప్తున్నా, మీరైనా వెయ్యండి” అంది.

కాబట్టి బావగారూ, రెక్కలున్న రోజులనే ఆయుష్షు అనుకోవడం కవుల అలవాటు. గుడ్డుగా ఉన్నదీ బతుకే, ఆకు నమిలినదీ బతుకే, గూటిలో పడుకున్నదీ బతుకే. ఇంకా చెప్పాలంటే గూటిలో అది పడుకుని లేదు. పాత ఒళ్ళు చాలావరకు కరిగి జావైపోయి, అందులోంచి కాళ్ళూ కళ్ళూ రెక్కలూ కొత్తగా తయారవుతున్నాయి. బయటికి మాత్రం ఎండుటాకు. లోపల ఏం జరుగుతోందో అడగకుండా ఊరుకునే మర్యాద చెట్టుకు ఉంది.

అన్నీ అంత త్వరగా పోవు కూడా. సీతాకోకచిలుకల్లో కొన్ని చలికాలమంతా ఆకుల మాటున దాగి, నెలల తరబడి బతుకుతాయి. ఎంతకాలం బతకాలో అన్నిటికీ ఒకే నియమం లేదు. ఈ మాట డాక్టర్లు కూడా అంటారు.

గూడు కదిలించకండి. కత్తిరించి చూడాలనిపిస్తే కత్తెర అక్కకు ఇచ్చేయండి.

మీ
బావమరిది

---

పై అంతస్తు, కిటికీ గది

చిరంజీవి,

నీ బంధువు వేంచేసింది.

ఉదయం కిటికీ తెర మీద తడిసిన గుడ్డముక్కలా వేలాడుతోంది. పొట్ట లావు, రెక్కలు ముడుచుకున్న కాగితాలు. ఇదా నువ్వు పొగిడిన కంచం అనుకున్నాను. చూస్తుండగానే ఆ కాగితాలు విచ్చుకున్నాయి. భోజనం వేళకు నా అరచేతులు రెండూ కలిపినంత అయ్యాయి. ఇటుకరంగు, మధ్యలో అద్దం ముక్కల్లాంటి మచ్చలు, రెక్కల కొసన పాముతల. నీ అక్క చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. నేను రెండు వేశాను. నీ అక్క తప్ప సాక్షులెవరూ లేరు గనుక ఒప్పుకుంటున్నాను.

గడప తొక్కిన జీవి ఆకలితో ఉండకూడదు గదా. తేనె పెట్టాను. పంచదార నీళ్ళు పెట్టాను. మల్లెపూలు, మందారం, మగ్గిన అరటిపండు పెట్టాను. ముట్టలేదు. మర్నాడు పళ్ళెం మార్చాను. ముట్టలేదు. ఒకవేళ ఏకాంతం కోరుతుందేమోనని నా గదిలోంచి నేనే బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి పళ్ళెం పళ్ళెంలాగే ఉంది, చీమలు తప్ప అందరూ అలిగారు. నా ఇంట్లో అన్నం వద్దన్న అతిథి ఇంతవరకు లేదు. ఇది నీ పెంపకం కాక మరేమిటి? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇది నోరే తెరవదు. నువ్వూ తెరవవు. మేనమామ పోలిక ఇంతదూరం పాకుతుందనుకోలేదు.

ఇక హాస్యం చాలు. అమ్మాయి సెలవు వచ్చే ఆదివారంతో ముగుస్తుంది. శనివారం బండికి నేనే వస్తున్నాను. అమ్మాయి పెట్టె సర్దించు. నా ముందు నిలబడి “పంపను” అని నీ నోటితో ఒక్కమాట అను, అప్పుడు చూద్దాం.

బావ

---

అద్దాల తోట, గుడ్ల గది

పూజ్యులైన బావగారికి,

అతిథి మీద కోపగించకండి. దానికి నోరు లేదు.

అలంకారంగా అనడం లేదు. ఈ జాతి శలభానికి తినడానికి పనికివచ్చే నోరు ఉండదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు జామాకులు తిని ఏం దాచుకుందో దాని మీదే ఆ వారమో పదిరోజులో బతుకుతుంది. మీ తేనె గొప్పదే, మీ పళ్ళెం గొప్పదే. తీసుకునే అవయవం లేదు, అంతే. మీరు మెట్ల మీద కూర్చున్న సంగతి చదివి అమ్మాయి నవ్వింది. తరువాత గుడ్ల గది తలుపు వేసుకుంది.

“నీ నోటితో ఒక్కమాట అను” అని రాశారు. అనలేను బావగారూ. వేసవిలో నా గొంతులో గడ్డ ఉందన్నారు. స్వరపేటిక తీసేశారు. రోగం పోయిందనే అంటున్నారు, మాట కూడా దానితోపాటు పోయింది. అక్క ఆ నెల్లాళ్ళు ఆసుపత్రిలో నా మంచం పక్కన ఉంది. చెప్పవద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. పాపం, అందుకే గిన్నెలు సర్దుతోంది.

ఎందుకు దాచావంటారు. ఇక్కడ అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు. కూరగాయలావిడ ఏరి ఏరి మంచివే వేస్తోంది. ముప్పై ఏళ్ళుగా నన్ను చూస్తే మండిపడే తోటమాలి నాకు కుర్చీ వేస్తున్నాడు. ఇంత పెద్ద లోకంలో నన్ను ఇంకా వెధవా అనేవారు మీరొక్కరే మిగిలారు. అదీ పోగొట్టుకోవడం ఇష్టంలేకపోయింది.

అమ్మాయిని నేను పిలవలేదన్నది నిజం. ఒక ఆదివారం అలవాటు కొద్దీ మీ ఇంటికి ఫోను చేశాను. మీరు ఎత్తితే గొంతైనా వినవచ్చని. అమ్మాయి ఎత్తింది. నా ఊపిరి చప్పుడు కాసేపు విని, “మామయ్యా, నువ్వేనా? నువ్వే అయితే ఒకసారి గట్టిగా ఊపిరి వదులు” అంది. వదిలాను. మర్నాటి బండికి దిగింది. తర్కం చదివిన పిల్ల.

ప్రదర్శన చేసేవాడు మాట్లాడాలన్నది తోట నియమం. అధికారి మంచివాడు. ఆమె మాట్లాడినంతకాలం నేను కర్ర పట్టుకుని పక్కన ఉండవచ్చన్నాడు. ఆమె వెళితే నేనూ ఇంటికే. అయినా తీసుకువెళ్ళండి. దాని కుర్చీ దానిది. నేను పలక మీద “వెళ్ళు” అని రాసి చూపించాను. “నోటితో చెప్పు, వెళ్తా” అంది. మీ కూతురే బావగారూ, సందేహం లేదు.

మీ
బావమరిది

---

ఇంటి నుండి

శ్రీయుతులైన బావమరిదిగారికి,

మీ లేఖ అందినది. విషయము తెలిసి మిక్కిలి చింతించితిని. ఆరోగ్యము జాగ్రత్తగా చూసుకొనగలరు. చల్లగాలిలో తిరుగరాదు. శనివారపు ప్రయాణము విరమించుకొంటిని. అమ్మాయి విషయము మీ సౌకర్యమును బట్టి నిదానముగా ఆలోచించుకొనవచ్చును. మీకు ఏ విధమైన ఇబ్బంది కలిగించియున్నను మన్నింపగలరు.

ఇంతకన్న రాయుటకు తోచుట లేదు.

ఇట్లు
మీ బావ

---

అద్దాల తోట, గుడ్ల గది

బావగారూ,

ఎవరికో రాసిన ఉత్తరం పొరపాటున నాకు చేరింది. పై చిరునామా రెండుసార్లు చూశాను. నాదే. ఆపరేషను చేసిన డాక్టరు కూడా నన్ను ఇంత భయపెట్టలేదు. ఇంత మర్యాద పోయినవాళ్ళకు చేస్తారు. నేను ఇంకా బతికే ఉన్నానని దయచేసి గమనించగలరు.

మీరు కొన్నాళ్ళుగా ఇంట్లో ఎవరినీ ఒక్క మాటైనా అనలేదని, పాలలో నీళ్ళు కలిపినా పాలవాణ్ణి ఊరికే వదిలేశారని అక్క అమ్మాయికి ఫోనులో చెప్పిందట. ఇద్దరూ కంగారు పడుతున్నారు. నోరు నాకు పోతే మీరెందుకు మూసుకున్నారు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఆ ఉత్తరం వెనక్కి పంపుతున్నాను. మీ దగ్గర పాతరకం ఏమైనా మిగిలి ఉంటే పంపండి.

బావమరిది

---

పై అంతస్తు, కిటికీ గది

ఒరేయ్ వెధవా,

తిప్పి పంపిన ఉత్తరం చేరింది. దానిలో మూడు చోట్ల వాక్యం కుంటుతోంది. ఒక్కటైనా దిద్ది పంపావా? చదువు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోయిన స్వరపేటికతో పోయిందని సాకు చెప్పకు, అది ఉన్నప్పుడు కూడా నీ మాటలో పస ఉండేది కాదు. ఇన్ని ఆదివారాలు నేను గెలిచానని ఒప్పుకోకుండా నోరు తీయించుకుని తప్పించుకున్న వాదిని లోకంలో నిన్నే చూశాను.

ఇంత పెద్ద సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. నీ అక్కను నిలదీశాను. “చెప్తే మీరు ఏడుస్తారని” అంది. నేనా? కంట్లో ఈ శలభం రెక్కల పొడి పడింది, ఆ సంగతి వేరు. డాక్టరుకు చూపించుకోవడం ఒక్క వారమైనా మానావంటే వచ్చి పలకతోనే కొడతాను.

కళాశాలకు నేనే వెళ్ళాను. అమ్మాయి రాజీనామా నా చేతులతో ఇచ్చాను. ప్రిన్సిపాలు కళ్ళజోడు సవరించుకుని, “అక్కడ మీ అమ్మాయికి ఏం పనండీ?” అన్నాడు. “మాట్లాడటం” అన్నాను. “ఇక్కడా అదేగా పని?” అన్నాడు. “ఇక్కడ ఎవరూ వినరు కదండీ” అన్నాను. కుర్చీ పోయింది. చాలా ఏళ్ళుగా దాని మీద నేను పెట్టుకున్న గర్వం కూడా పోయింది. గర్వానికి గూడు కట్టడం తెలియదు, ఊరికే పోతుంది. దానితో చెప్పు, నాన్న కోపంగానే ఉన్నాడని. లేకపోతే అదీ కంగారు పడుతుంది.

ఇక నీ బంధువు. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే కిటికీ బయట అలాంటిదే మరొకటి, కొంచెం చిన్నది, తలమీద ఈకల్లాంటి మీసాలతో అద్దానికి కొట్టుకుంటోంది. ఎక్కడినుంచి వచ్చాడో, ఎన్ని వీధులు దాటి వచ్చాడో. ఆ నోరులేనిది ఒంటి వాసనతో పిలిచిందని, అది గాలిలో మనం ఊహించలేనంత దూరం పోతుందని అమ్మాయి వాళ్ళమ్మకు ఫోనులో చెప్పింది. నోరున్న నేను మూడుసార్లు పిలిస్తే పక్కగదిలోంచి నీ అక్క రాదు. తలుపు తీశాను. దీపంలో దూకే శలభాన్ని చూపించి మోహం కూడదని జీవితమంతా పాఠం చెప్పినవాణ్ణి, ఒక శలభానికి తలుపు తీశాను. మా పూర్వవిద్యార్థులకు చెప్పకు.

గుడ్లు పెట్టింది. తెర మీద కొన్ని, నా ఛందోగ్రంథం వీపు మీద వరసగా కొన్ని. గణాలు సరిపోయాయి. మొన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర రెక్కలు పరచుకుని పడి ఉంది. ఈసారి నేను మెట్లు దిగాను. జామచెట్టు మొదట్లో నేనే పూడ్చాను. మోకాళ్ళు ఏమీ అనలేదు. ఆ పుస్తకం ఇప్పుడు ఎవరూ తెరవకూడదని నీ అక్క ఆజ్ఞ. ఇంతకుముందు మాత్రం ఎవరు తెరిచారు గనక.

ఆదివారం వస్తున్నాను. అమ్మాయిని తేవడానికి కాదు. నీ ప్రదర్శనలో ముందు వరసలో నిలబడి, అది చెప్పేదాంట్లో తప్పులు పట్టడానికి. ఆ తరువాత గంటసేపు మామూలే. నేను తిడతాను, నువ్వు పలక మీద రాయి. చేతిరాత బాగుండకపోతే వాదం ఓడినట్టే. కర్ర చూపించి బెదిరించడానికి వీల్లేదు. జామాకులు ఒక సంచి తెస్తున్నాను, గుడ్లూ ఇంకా తెరుచుకోని మిగతా మూడు గూళ్ళూ పెట్టెలో తెస్తున్నాను. బండిలో అవి ఒడిలో ఉంటాయి గనుక తోటి ప్రయాణికులు నన్ను ఏమనుకుంటారో ముందే తెలుసు.

తల్లి ముఖం చూడకుండా పుట్టబోతున్నారు పాపం ఈ గుడ్లలోనివాళ్ళు. ఇంట్లో పెద్దవాణ్ణి నేనే గనుక దీవెన నా వంతు. రాబోయే పిల్లల్లారా, మీ తోటకు వచ్చేవాళ్ళూ, వాళ్ళకు కథ చెప్పేవాళ్ళూ, మీరందరూ వినండి. లేత ఆకు మీకు చేరువలో దొరకాలి. చర్మం బిగిసిననాడు విప్పుకునే ధైర్యం కలగాలి. మీరు గూటిలో ఉండగా కత్తెర పట్టుకున్నవాళ్ళెవరూ ఆ దారిన రాకూడదు. నోరున్నన్నాళ్ళూ కడుపునిండా తిని, మనసారా పోట్లాడండి. నోరు లేని రోజు వచ్చినా, మీ పిలుపు విని ఎన్ని వీధులైనా దాటి వచ్చి కిటికీకి తల బాదుకునే మూర్ఖుడు ఒకడు మీలో ప్రతి ఒక్కరికీ ఉండుగాక.